బందరు గ్రహణమును, పోగ్సను పండితుని లేఖలును

మన సంఘ వార్షిక సంచికయందు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును చదువరుల కందించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ పర్యాయము మేము ఎన్నుకొనిన వ్యక్తి మన కులమున పుట్టినవాడు కాడు. మన భాష మాటాడినవాడు కాడు. మన దేశమువాడును కాడు. అట్టివాని చరిత్రము మనకేల యని సోదరులు కొంద రడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఈ వ్యాసమును తుదముట్ట చదివినపిమ్మట ఆ ప్రశ్నకు సమాధానము చదువరులకే తోచునని నమ్మి యారంభించుచున్నాము. ఒక్క మాట మాత్రము ముందుగా మనవి చేసెదము. ఆ మహనీయుడు మన బందరు పురమున నిలిచి, మన పూర్వులు చూచిన సూర్యునే, వారు చూచిన దినముననే చూచెను. ఆయన యచట గుర్తించిన విషయము సకాలమున లోకమున కందియున్నచో, బందరు పేరు నేడు రసాయనశాస్త్ర గ్రంథములయందు నిలిచియుండెడిదేమో! అది యందలేదు. ఏల యందలేదో తెలిసికొనుట మన కవసరము.

నార్మన్ రాబర్టు పోగ్సను 1829వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఇంగ్లండు దేశమునందలి నాటింగ్‌హాము పట్టణమున జన్మించెను. తండ్రి మేజోళ్లు మొదలగు అల్లిక వస్త్రములను తయారుచేయించు వర్తకుడు. కుమారుని మనస్సు వర్తకమున నిలువక గణితమునందును ఆకాశమునందును లగ్నమయ్యెను. పదునెనిమిదవ యేటనే ఆతడు రెండు తోకచుక్కల మార్గములను గణించెను. హైండు అను ప్రసిద్ధ జ్యోతిశ్శాస్త్రవేత్త ఈ యువకుని ప్రజ్ఞను గుర్తించి చేరదీసెను. 1851లో లండను నగరమున బిషప్పు అను ధనికుని వేధశాలయందును, మఱుసటి సంవత్సరము ఆక్స్‌ఫర్డునందలి రాడ్‌క్లిఫ్ వేధశాలయందును ఆతనికి పని దొరకెను.

ఇచట మన సంఘ పోషకులు గమనింపదగిన విషయ మొకటి కలదు. బిషప్పు ద్రాక్షాసవ వ్యాపారమున ధనము గడించి, ఆ ధనముతో తన తోటలో వేధశాలను నిర్మించినవాడు. రాడ్‌క్లిఫ్ వేధశాల ఒక వైద్యుడు తన మరణశాసనమున విడిచిపోయిన ధర్మనిధివలన వెలసినది. తరువాత 1859లో పోగ్సను అధ్యక్షత వహించిన హార్ట్‌వెల్ వేధశాలయును లీ అను భూస్వామి స్వంత వ్యయముతో నెలకొల్పినదే. వర్తకుని ధనము, వైద్యుని ధనము, భూస్వామి ధనము — ఈ మూడును కలిసి ఒక సామాన్య గృహస్థుని కుమారుని శాస్త్రజ్ఞుని గావించినవి. ఆ దాతలలో ఎవ్వరును ఆతని బంధువులు కారు.

ఆకాశమునందలి నక్షత్రములను ప్రాచీన యవన పండితులు కాంతి ననుసరించి ఆఱు తరగతులుగా విభజించిరి. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి. కనబడీ కనబడనివి ఆఱవ తరగతి. ఇది కంటి యంచనాయే గాని కొలత కాదు. ఒకరు నాలుగవ తరగతి యన్నదానిని వేఱొకరు అయిదవది యనుచుండిరి. 1856లో పోగ్సను దీనికొక నియమమును సూచించెను. మొదటి తరగతి నక్షత్రము ఆఱవ తరగతి నక్షత్రముకన్న సరిగా 100 రెట్లు కాంతి గలదిగా నెంచినచో, ఒక తరగతికిని మఱియొక తరగతికిని నడుమ 2.512 రెట్ల భేద మేర్పడును. 2.512ను అయిదు మారులు వేసి గుణించినచో ఇంచుమించుగా నూఱు వచ్చును. బడిపిల్లలు పలకమీద చేసి చూచుకొనదగిన లెక్క యిది. ఈ సూచనను ఆయన లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారి మాసపత్రికకు వ్రాసి పంపెను. అది యచ్చుపడెను. దేశదేశముల పండితులు దానిని చదివిరి. కాలక్రమమున అందఱు నంగీకరించిరి. నేడు అంతరిక్షమున తిరుగాడుచున్న దూరదర్శినులు చూపు నక్షత్రముల కాంతినిగూడ ఆ కొలతతోడనే చెప్పుచున్నారు. అచ్చుపడి పదిమంది చేతికి చేరిన లేఖ యొక్క భాగ్య మిట్టిది. చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన, ముందు రాబోవు బందరు వృత్తాంతము దీనికి విరుద్ధముగా నున్నది.

అంగారక గురు గ్రహముల నడుమ సూర్యుని చుట్టును తిరుగు లఘుగ్రహములను వెదకుటయందు పోగ్సను దిట్ట. 1856లో ఐసిస్ అను లఘుగ్రహమును కనుగొనెను. ఆయన పెద్ద కుమార్తె పేరును ఐసిసే. ఇందులకై ఫ్రెంచి పండిత పరిషత్తువా రాయనకు లాలాండు బహుమానము నొసగిరి. 1857లో మఱి రెండు లఘుగ్రహములు దొరకినవి. 1860 మే నెలలో వృశ్చిక రాశియందలి యొక నక్షత్రగుచ్ఛమున క్రొత్తగా నొక తార వెలిగెను. జర్మనీలో అవర్సు అను పండితుడు 21వ తేదీననే దానిని చూచెను. ఆ సంగతి యెఱుగకయే పోగ్సను 28వ తేదీన హార్ట్‌వెల్ నుండి చూచెను. ఆ తార కొలది దినములలోనే మాసిపోయెను. ఒక్కరే చూచియున్నచో దృష్టిదోషమని లోకము కొట్టివేసియుండెడిది. ఇరువురు వేర్వేఱు దేశములనుండి వ్రాసినందున అది సత్యముగా నిలిచెను. ఒకరి కంటికి మఱియొకరి లేఖ సాక్ష్యమిచ్చుటయే శాస్త్రమునకు ప్రాణము.

ఆ సంవత్సరాంతమున పోగ్సను మద్రాసు ప్రభుత్వ జ్యోతిశ్శాస్త్రవేత్తగా నియమింపబడి 1861 ఆరంభమున చెన్నపట్టణము చేరెను. నుంగంబాకమునందలి ఆ వేధశాల 1792లో కట్టబడినది. దానిని నిర్మింపించిన మైకేల్ టాపింగు మన కృష్ణాతీరమునకు పరిచితుడు. కోరమాండలు తీరమును కొలిచినవాడును, కృష్ణా గోదావరీ జలములను పొలములకు మరల్చుటకు వీలున్నదా యని బెజవాడకు ఆనకట్ట రాకపూర్వము ఆఱు దశాబ్దముల క్రిందటనే నేలమట్టములను పరిశీలించినవాడును ఆయనయే. 1796లో జ్వరపీడితుడై మన బందరుననే కన్నుమూసెను. కాబట్టి మద్రాసు వేధశాలకును బందరునకును గల సంబంధము పోగ్సనుతో మొదలైనది కాదు.

చెన్నపురికి వచ్చిన రెండు మూడు మాసములలోనే, 1861 ఏప్రిలు 17వ తేదీన, పోగ్సను మఱియొక లఘుగ్రహమును కనుగొనెను. ఆసియా ఖండమునుండి కనుగొనబడిన మొదటిది కావున దానికి ఆసియా యనియే పేరు వచ్చెను. 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కామిల్లా, 1885లో వేరా — ఇట్లు మద్రాసునుండి అయిదును, ఇంగ్లండునుండి మూడును, మొత్తము ఎనిమిది లఘుగ్రహములు ఆయన లెక్కకు వచ్చినవి. వీనిలో సిల్వియా చుట్టును రెండు చిన్న చంద్రులు తిరుగుచున్నవని 2005లో లోకమునకు తెలిసినది.

లఘుగ్రహమును చూచుట యొక పని. చూచితినని లోకమును ఒప్పించుట మఱియొక పని. అది నక్షత్రముల నడుమ ప్రతి రాత్రియు స్థానము మార్చుకొనుచుండును. కనీసము మూడు వేర్వేఱు రాత్రుల స్థానములు సరిగా కొలిచినగాని దాని మార్గమును గణించుటకు వీలుండదు. మేఘములు క్రమ్మినను, వానలు కురిసినను దారి తప్పిపోవును. అప్పుడు వేఱొక దేశమున ఆకాశము తేటగా నున్నవాడు దానిని వెదకి పట్టవలెను. అందులకు వానికి వార్త చేరవలెను. సూయజు కాలువ 1869 నవంబరులోగాని తెఱవబడలేదు. అంతకుముందు చెన్నపురినుండి వెడలిన టపా ఐగుప్తు దేశమున నేలమీదుగా సాగి మరల ఓడనెక్కి లండను చేరుసరికి నెల దాటుచుండెను. ప్రత్యుత్తరమునకు మఱియొక నెల. ఇట్టి దూరమున, సమవిద్యుడైన మిత్రుడు పొరుగున లేక, టపా యోడకై యెదురుచూచుచు పోగ్సను ముప్పది సంవత్సరములు గడపెను. ఆయన గొప్పతనమును, ఆయన కష్టమును, రెండును ఆ టపా సంచిలోనే యుండెనని మా యభిప్రాయము.

ఇక బందరు వృత్తాంతమునకు వత్తము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనను మన తీరమువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సముద్రము కట్టలు తెంచుకొని పట్టణముపైకిని పల్లెలపైకిని విరుచుకొనిపడెను. సుమారు 30,000 మంది ప్రాణములు పోయినవి. బందరు రేవు పూర్వవైభవము మరల తలయెత్తలేదు. ఆ గాయము మానకుండగనే, నాలుగు సంవత్సరములలోపల, ప్రపంచమునందలి జ్యోతిశ్శాస్త్రజ్ఞుల చూపులన్నియు మన సీమవైపు మరలినవి. 1868 ఆగష్టు 18వ తేదీ, విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారమునాడు, సంపూర్ణ సూర్యగ్రహణము సంభవింపనుండెను. చంద్రుని నీడ దక్కను పీఠభూమిని దాటి, గుంటూరు, బందరుల మీదుగా సముద్రముపైకి సాగిపోవునని గణితము చెప్పుచుండెను. గుడివాడ సీమయు దివిసీమయు ఆ నీడలోనివే. గ్రహణము సంపూర్ణముగా నుండు కాలము మన ప్రాంతమున అయిదు నిమిషములకు మించును. ఇట్టిది మిక్కిలి యరుదు. నీడ తూర్పుగా సాగిపోవు దారిలో సయాము దేశపు రాజు మంగ్‌కుట్ తానే ఆ గ్రహణమును గణించి, పరివారముతో పోయి చూచెను. అచట సోకిన జ్వరముతో అక్టోబరు 1వ తేదీన మరణించెను.

పూర్వపు గ్రహణములలో సూర్యుని యంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడుచుండెను. అవి సూర్యునివో, చంద్రునివో, కంటి భ్రమయో యను వివాదము తీరలేదు. ఇంతలో వెలుగును రంగులుగా విడదీసి చూపు వర్ణపటదర్శిని యను సాధనము వచ్చెను. మండుచున్న ప్రతి వాయువును తనకు తగిన గీతలనే ఆ సాధనమున చూపును. ఉప్పు పడిన మంట పసుపుపచ్చగా వెలుగుట మన వంటయింటిలోనే చూచుచున్నాము. అది సోడియము యొక్క గుర్తు. ఈ సాధనమును గ్రహణసమయమున సూర్యునిపై ప్రయోగించు అవకాశము మొదటిసారి లభించినది 1868లోనే. అందుచే ఇంగ్లండునుండియు ఫ్రాన్సునుండియు పండితులు మన దేశమునకు వచ్చిరి. ఆంగ్ల సేనాధికారి టెన్నెంటును, ఫ్రెంచి పండితుడు జాన్సెనును గుంటూరున విడిసిరి. పోగ్సను బందరున సాధనములను నెలకొల్పెను. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు నైజాము రాజ్యమునందలి వనపర్తికి పోయెను. గుంటూరునకును బందరునకును నడుమ దూరము సుమారు 45 మైళ్లు. ఆ కాలమున రెండును ఒక్క కృష్ణా మండలములోనివే.

ఆ యుదయమున పట్టపగలే చీకటి క్రమ్మెను. మన పూర్వులు పట్టుస్నానము చేసి, గ్రహణశాంతికై జపములు చేయుచుండగా, పోగ్సను కన్ను వర్ణపటదర్శినికి హత్తుకొనియుండెను. జ్వాలలలో వెలుగు గీతలు కనబడెను. కావున అవి మండుచున్న వాయువులే యని తేలిపోయెను. ఆ గీతలలో నొకటి పసుపుపచ్చనిది. తక్కిన స్థలములలోని పండితులు దానిని సోడియము గీతగానే భావించిరి. పోగ్సను మాత్రము అది సోడియము స్థానముననే యున్నదని తెగించి చెప్పలేదు. ఆ స్థానముననో, దానికి సమీపముననో యున్నదని వ్రాసికొనెను. ఈ చిన్న సందేహమే గొప్ప విషయము. ఏలయన, ఆ గీత నిజముగా సోడియముది కాదు. అది భూమిమీద అంతవరకెవ్వరును ఎఱుగని యొక మూలపదార్థముయొక్క గుర్తు. మన బందరున నిలిచిన కన్ను ఆ సత్యపు గుమ్మమువఱకు పోయినది.

ఇక గుంటూరున జరిగినది చూతము. జాన్సెను ఆ జ్వాలల గీతల ప్రకాశమును చూచి, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని తలచెను. మఱునాటి యుదయముననే యత్నించి కృతార్థుడయ్యెను. కొన్ని దినము లిట్లే పరిశీలించి, సెప్టెంబరు 19వ తేదీన మన కాకినాడనుండి పారిస్ పండిత పరిషత్తునకు లేఖ వ్రాసి పంపెను. ఇంతలో ఇంగ్లండున లాకియరు అను పండితుడు గ్రహణమును చూడకయే అక్టోబరు 20వ తేదీన ఆ రీతిని స్వయముగా కనుగొని, తన వార్తను పారిసునకు పంపెను. కాకినాడ లేఖయు, లండను లేఖయు పరిషత్తునకు ఒక్కమారే వచ్చి, అక్టోబరు 26వ తేదీ సభయందు చదువబడినవి. ముందెవ్వరు, వెనుకెవ్వరు అను తగవునకు తావీయక, ఫ్రెంచి ప్రభుత్వమువారు ఇరువురి ముఖములను ఒక్క పతకముమీదనే ముద్రింపించి గౌరవించిరి. కాకినాడ టపా కొలది దినములు ఆలస్యమైయున్నచో ఆ పతకముమీద ఒక్క ముఖమే యుండెడిది.

లాకియరు ఆ పసుపు గీతను పట్టుదలతో కొలిచి, అది సోడియముది కాదని స్థిరపఱచెను. ఆ క్రొత్త పదార్థమునకు సూర్యుని యవన నామమునుబట్టి హీలియము అను పేరు వచ్చెను. చాలకాలము రసాయనశాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1895లో రామ్సే అను పండితుడు యురేనియముతో గూడిన యొక ఖనిజమునుండి ఆ వాయువును తీసి చూపగా వివాదము తీరెను. అప్పటికి పోగ్సను మరణించి నాలుగు సంవత్సరములు గడచెను. ఆయన బందరు నివేదిక మద్రాసు వేధశాల ప్రకటనగా అచ్చుపడెనేగాని, లక్షణజ్ఞులు చదువు పత్రికలలోనికి ఎక్కలేదు. కొలది ప్రతులు కొలదిమంది చేతులలో నిలిచిపోయినవి. హీలియము చరిత్రమున గుంటూరు పేరు వినబడుచున్నది. బందరు పేరు పరిశోధకులకుమాత్రమే తెలియును. ఇరుచోట్ల ఆకాశ మొక్కటే, గ్రహణ మొక్కటే, సాధన మొక్కజాతిదే. భేదము టపాయందు కలిగినది.

ఇంతమాత్రమున పోగ్సను లేఖలయందు అలసుడని యెవ్వరును తలపరాదు. 1872 నవంబరు 27వ తేదీ రాత్రి యూరపు ఖండమున వేలకొలది ఉల్కలు వానవలె రాలినవి. బీలా తోకచుక్క యనునది 1846 నాటికి రెండుగా చీలి, 1852 తరువాత కనబడకపోయెను. ఈ ఉల్కలు దాని శకలములే యని పండితులకు తోచెను. జర్మనీయందలి గొట్టింజెన్ నగరమున క్లింకర్‌ఫ్యూసు అను జ్యోతిశ్శాస్త్రవేత్త, ఆ తోకచుక్క భూమిని తాకి దక్షిణ దిక్కునకు పోయియుండునని యూహించెను. అది యూరపునకు కనబడదు. కనుగొనదగినవాడు మద్రాసునందున్నాడని యెంచి, నవంబరు 30వ తేదీన పోగ్సనునకు తంతివార్త పంపెను. బీలా భూమిని తాకినదనియు, కిన్నరమండలమునందలి తీటా నక్షత్రముచెంత వెదకవలసినదనియు దాని సారాంశము. నాలుగు సంవత్సరముల క్రిందట నెలకు పైగా పట్టిన దూరమును ఆ వార్త తంతిమీద కొలది కాలముననే దాటినది.

పోగ్సను తెల్లవారుజామున మేల్కొని వేచెను. రెండు దినములు మబ్బులును వానయు అడ్డుపడెను. మూడవనాడు మేఘముల నడుమ చిన్న సందు కలిగెను. తీటాకు సమీపముననే తోకచుక్క కనబడెను! నాలుగవనాడును చూచి స్థానము కొలిచెను. పిమ్మట మరల మేఘములు మూసినవి. ఇక అది యెవ్వరికిని దొరకలేదు. ఇంతకుముందు చెప్పితిమి గదా, మార్గము గణించుటకు మూడు స్థానములు కావలెనని. పోగ్సనునకు రెండే దొరకినవి. అది బీలాతోకచుక్క కాదనియు, అచట యాదృచ్ఛికముగా తటస్థించిన వేఱొకటి యనియు తరువాతి గణితములవలన తేలెను. అది యెక్కడనుండి వచ్చి యెక్కడికి పోయెనో నేటికిని నిర్ణయింపబడలేదు. అయినను ఊహించినవాడు జర్మనీలోను, చూచినవాడు చెన్నపురిలోను ఉండి, ఒక్క వేధశాలలోనివారివలె కలిసి పనిచేయుట ఆ కాలమున అద్భుతము కాదా?

ఆయన గృహజీవితము సుఖవంతము కాదు. బహుసంతానము కలదు. 1869లో భార్య మరణించెను. 1873లో ఇరువదియొక సంవత్సరముల కుమార్తె ఐసిస్ వేధశాలయందు తండ్రికి సహాయకురాలుగా నియమింపబడెను. 1881నుండి ఆమె మద్రాసు రాజధాని వాతావరణ విషయములను క్రోడీకరించి నివేదించు నుద్యోగమును నిర్వహించెను. 1886లో తండ్రి ఆమెను లండను ఖగోళ సంఘమున సభ్యురాలిగా చేర్ప యత్నింపగా, సంఘ శాసనమునందు పురుషవాచకమే కలదను కారణమున అది సాగలేదు. 1920లోగాని ఆ గౌరవ మామెకు దక్కలేదు. ముప్పదినాలుగు సంవత్సరములు ఒక్క సర్వనామము అడ్డుపడెను! స్త్రీవిద్యనుగుఱించి తీర్మానములు చేయు మనము, మన నియమావళులలో ఇట్టి సర్వనామములు దాగియున్నవేమో వెదకిచూచుకొనుట మంచిది.

వేధశాలయందలి దేశీయ సహాయకులలో చింతామణి రఘునాథాచార్యులు అగ్రగణ్యుడు. ఆయన 1867లో కాంతి మారుచుండు నక్షత్రమొకదానిని కనుగొనెను. 1872లో లండను ఖగోళ సంఘ సభ్యుడయ్యెను. 1874 శుక్రగ్రహ సంక్రమణమును సామాన్యులకు తెలియజెప్పుటకై దేశభాషలలోనికి వచ్చునట్లు చిన్న పుస్తకమును రచించెను. మన తెలుగునాట విశాఖపట్టణమున గోడే జగ్గారావుగారు 1840లో స్వంత వేధశాలను నెలకొల్పగా, ఆయన యల్లుడు అంకితము వేంకట నరసింగరావుగారు దానిని వృద్ధిచేసి, గ్రహణములను, తోకచుక్కలను, శుక్ర సంక్రమణమును పరిశీలించి, ఆ వివరములను లండను సంఘమునకు వ్రాసి పంపుచుండిరి. ఆయన లేఖలు ఆ సంఘ పత్రికయందు నేటికిని చదువ వీలగుచున్నవి. ఆయన ధర్మపత్ని పేర వెలసిన కళాశాలయందే చంద్రశేఖర వేంకటరామన్ చదివెను. ఆయన తండ్రి యచట ఉపాధ్యాయుడు. ఆ రామను 1930లో నోబెలు బహుమానము నందెనని యెఱుగనివా రెవ్వరు? ధనవంతుడొకడు ఆకాశమును చూచి వ్రాసి పంపినందున, ఆ యింటి ధనము విద్యాలయమై, వేఱొక యింటి బాలునకు వెలుగైనది.

పోగ్సను చివరి సంవత్సరములు పని భారముతో గడచినవి. 1862నుండి 1887వఱకు ఆయనయు సహాయకులును అయిదు వేలకు పైబడిన నక్షత్రముల స్థానములను కొలిచిరి. కొలుచుట సాగినదిగాని, లెక్కకట్టి అచ్చువేయుట వెనుకబడెను. సీమలోని పెద్దలు ప్రకటన యేదియని యడుగుచుండిరి. చాలినంత సిబ్బంది లేదు. ఫలితముల మొదటి సంపుటము 1887లోగాని వెలువడలేదు. 1891 జూను నెలలో ఆయన చెన్నపురియందే దేహము చాలించెను. మిగిలిన సంపుటములను తరువాతి యధికారి మిచీ స్మిత్తు పూర్తిచేయగా, 1899నాటికి ఎనిమిదింటితో ఆ మహాకార్యము ముగిసెను. అప్పటికి వేధశాల కార్యము కొడైకెనాలునకు తరలిపోవుచుండెను. చంద్రునిపై నొక బిలమునకును, 1830వ సంఖ్యగల లఘుగ్రహమునకును నేడు పోగ్సను పేరు కలదు. బందరున ఆయన నిలిచిన స్థలమున గుర్తు నిలుపవలెనని కోరుట ఈ వ్యాసమున మా యుద్దేశము కాదు. ఆ చరిత్రము మనకు చెప్పు బుద్ధిని గుర్తింపవలెననియే మా కోరిక.

1864 ఉప్పెననాడు బందరు తీరవాసులకు హెచ్చరిక చేయగల సాధనమే లేదు. పదునొకండు సంవత్సరముల పిమ్మట 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. తంతులు వచ్చినవి, రేడియోలు వచ్చినవి. అయినను 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది ప్రాణములు పోయినవి. అప్పటికి గాలివాన రాకను గుర్తించు విద్య లేకపోలేదు. తెలిసినవారి మాట సముద్రపుటొడ్డున గుడిసెలో నిద్రించువాని చెవికి చేరలేదు. పోగ్సను నివేదిక చేరనందున ఒక ఊరికి కీర్తి తప్పినది. దివిసీమకు మాట చేరనందున ఊళ్లకు ఊళ్లే పోయినవి. రెండింటికిని మూలమొక్కటే: తెలిసినది చెప్పవలసినవానికి, చెప్పవలసిన సమయమున అందకపోవుట.

సోదరులారా! పోషక మహాశయులారా! మన సంఘముల వృత్తాంతమును ఒక్కమారు తలచికొందము. సభలు జరుపుదుము, తీర్మానములు చేయుదుము, విద్యార్థి వేతనములకై చందాలు వ్రాసికొందుము. ఆ తీర్మానములు కార్యదర్శి యింటి పెట్టెలో చెదలపాలగుచుండును. ఏ యూర ఏ బాలుడు తెలివిగలవాడై ఫీజు లేక చదువు మానెనో, ఆ సంగతి ఆ యూరివారికి తెలియును. వేతనమీయగల దాతకు తెలియదు. గుడివాడలో దాత యున్నాడు. దివిసీమలో విద్యార్థి యున్నాడు. నడుమ లేఖ లేదు. కాన ప్రతి గ్రామశాఖయు, చదువుకొను బాలబాలికల వివరములను సంవత్సరమున కొక్కసారి వ్రాసి కేంద్రసంఘమునకు పంపవలెననియు, అవి సంచికయందు అచ్చుపడవలెననియు, ఆ పట్టికయందు బాలికల పేర్లు బాలుర పేర్లతో సమానముగా నుండవలెననియు మేము ప్రార్థించుచున్నాము. ఇందులకు లక్షలు అక్కఱలేదు. ఒక కాగితము, ఒక కలము, సకాలమున పంపవలెనను తలంపు చాలును.

పోగ్సను మన కులమువాడు కాడని మొదటనే యొప్పుకొంటిమి. ఆయనను చేరదీసిన హైండును, ఆశ్రయమిచ్చిన బిషప్పును ఆయన కులమువారని చేరదీయలేదు. చూడగల కన్ను ఎవ్వరియింట పుట్టునో యెవ్వ రెఱుగుదురు? అట్టి కన్ను మన గ్రామములలో నేడు ఏ బడియందో, ఏ పొలముగట్టునో ఉండవచ్చును. అది చూచినది లోకమునకు చేరునట్లు చేయుట మన విధి. బందరు ఆకాశమున ఒక్కసారి తప్పిన యవకాశము మరల తప్పకుండుగాక!